మీటరు మీద కన్ను

ఆ వీధిలో టైలరమ్మ అంటే తెలియనివాళ్ళు లేరు. చొక్కా చంక దగ్గర పట్టేసినా, ప్యాంటు నడుము వదులైనా, కర్టెన్లకి అంచులు కుట్టాలన్నా అందరూ వచ్చేది మెట్ల పక్కనున్న ఆ ముందుగదికే. మెళ్ళో కొలతల టేపు, పెదాల మధ్య నాలుగు గుండుసూదులు, ముక్కు మీదకి జారిన కళ్ళజోడు, ఇదీ ఆవిడ వాలకం. మనిషి గుమ్మం ఎక్కుతుండగానే టేపు పెట్టకుండా నడుమెంతో చెప్పేస్తుంది. అన్న రోజుకి బట్టలు ఇచ్చేస్తుంది. మిగిలిన గుడ్డముక్క కూడా మడిచి చేతిలో పెడుతుంది. ఇన్ని సుగుణాలున్న మనిషికి ఒక్క జబ్బు ఉండేది. వీధివాళ్ళందరి కొలతా సరిగ్గా తీసే ఆవిడకి మేడమీదున్న తోడికోడలి కొలత మాత్రం ఎప్పుడు తీసినా తనకంటే ఓ అంగుళం ఎక్కువే వచ్చేది.

తోడికోడలిని అందరూ చిట్టి అంటారు. టైలరమ్మ కాపురానికొచ్చిన పదేళ్ళకి చిన్నకోడలిగా వచ్చింది. వచ్చిన వారానికే అత్తగారు ఎవరితోనో అంటుంటే టైలరమ్మ చెవిన పడింది: "చిన్నదాని చెయ్యి తేలిక. ఏది ముట్టుకున్నా కలిసొస్తుంది." పదేళ్ళుగా ఆ ఇంట్లో అందరి బట్టలూ కుట్టి, అత్తగారి కాళ్ళు పిసికి, ఒక్కనాడూ అలాంటి మాట అనిపించుకోని పెద్దకోడలికి అది గుండెల్లో గుచ్చుకుంది. అత్తగారు పోయి తొమ్మిదేళ్ళయింది, ఆ ముల్లు మాత్రం అలాగే ఉంది.

నాలుగేళ్ళ కిందట అన్నదమ్ములు గొడవలేమీ లేకుండా ఇల్లు పంచుకున్నారు. షాపుకి వీధివైపు గది కావాలని టైలరమ్మే కోరి కింద భాగం తీసుకుంది. తీసుకున్న మర్నాటి నుంచే "మేడమీద గాలి ఎంత బాగా కొడుతుందో, అడక్కుండానే దక్కింది మహాతల్లికి" అని కుమిలిపోవడం మొదలుపెట్టింది. మొగుడు ప్రెస్సులో పుస్తకాలకి అట్టలు వేసే మనిషి, నెమ్మదస్తుడు. "నువ్వే కదే కిందది కావాలన్నావ్" అంటే, "అన్నాననుకోండి, ఆవిడైనా వద్దనచ్చుగా!" అనేది. ఆ లాజిక్కు వినగానే ఆయన ప్రెస్సుకి వెళ్ళిపోయేవాడు.

ఇలా రోజులు గడుస్తుండగా ఆ వీధిలోకి సోలారు వచ్చింది.

ఊరి చివర ఓ పెద్ద గోడౌను కప్పు మీద సోలారు పలకలు పరిచారు. సొంత కప్పు లేనివాళ్ళు, అద్దెకుండేవాళ్ళు, టైలరమ్మ వాళ్ళలా పక్కింటి నాలుగంతస్తుల మేడ నీడ కప్పు మీద పడేవాళ్ళు కలిసి ఓ సంఘం పెట్టుకున్నారు. ఒక వాటా కొంటే, ఆ పలకల మీద పుట్టిన కరెంటులో మన వంతు నెలనెలా మన బిల్లులోంచి కోసేస్తారు. సంఘానికి కార్యదర్శి సైన్సు టీచరుగా రిటైరైన ఒకాయన. అందరూ మాస్టారనే పిలుస్తారు. లైబ్రరీ గదిలో మీటింగు పెట్టి, బోర్డు మీద సుద్దతో గీసి మరీ చెప్పాడు. పెట్టిన డబ్బు వెనక్కి రావడానికి ఏడేళ్ళు పడుతుంది. ఆ తర్వాత వచ్చేదంతా లాభం. ఊరు మారితే వాటా ఇంకో సభ్యుడికి ఇచ్చుకోవచ్చు.

ఈ మాటలు టైలరమ్మ విన్నది సగమే. ముందు వరసలో కూర్చున్న చిట్టి చెయ్యెత్తి ప్రశ్న అడగడం, మాస్టారు "మంచి ప్రశ్న అమ్మా" అనడం, ఈ రెండూ అయ్యాక ఆవిడ చెవులు మూసుకుపోయాయి. ఆ ప్రశ్న ఏమిటో కూడా తెలీదు. మంచి ప్రశ్న అన్నాడన్నదే గుర్తుండిపోయింది. వారం తిరక్కుండా చిట్టి ఓ వాటా కొనేసింది.

మొదటి నెల బిల్లు రాగానే చిట్టి దాన్ని తీసుకెళ్ళి తన గుమ్మం తలుపు మీద టేపుతో అంటించింది. బట్టలు ఆరేసుకోవాలంటే టైలరమ్మ ఆ తలుపు ముందునుంచే డాబా మీదకి వెళ్ళాలి. తడిబట్టల బకెట్టు కింద పెట్టి, కళ్ళజోడు పైకి తోసుకుని చదివింది. ఎప్పుడూ వచ్చేదాంట్లో సగం. గబగబా కిందకొచ్చి తన బిల్లు తీసి చూసుకుంది. ఎప్పుడూ వచ్చేదానికంటే కాస్త ఎక్కువ. ఆ పూట కుట్టిన చొక్కాకి రెండు చేతులూ ఎడమవైపువే కుట్టింది. పాతికేళ్ళ సర్వీసులో అదే మొదటిసారి.

"సోలారు లేకుండానే ఆవిడ కంటే తక్కువ బిల్లు తెస్తా, చూస్తూ ఉండండి" అని మొగుడి ముందు శపథం చేసింది.

ఇక ఆ ఇంట్లో కరెంటుకి గడ్డుకాలం వచ్చింది. కుట్టుమిషనుకున్న మోటారు తీసి అటక మీద పడేసి, పాతకాలంలోలా కాళ్ళతో తొక్కడం మొదలుపెట్టింది. ఇస్త్రీకి బొగ్గులపెట్టె దింపింది. పొద్దు వాలితే లైటు వెయ్యదు, గుమ్మంలో కూర్చుని వీధి వెలుగులో కాజాలు కుడుతుంది. ఫ్యాను వేస్తే మొగుడి వంక దొంగని చూసినట్టు చూస్తుంది. "ఇది ఇల్లా, గుహా?" అని ఆయన విసుక్కుంటే, "ఓ నెల ఓపిక పట్టండి" అంది. మోకాళ్ళు సలుపుతున్నా, బొగ్గుల సెగకి మొహం మాడుతున్నా పళ్ళబిగువున తొక్కింది.

నెల తిరిగింది. చిట్టి బిల్లు ఇంకా తగ్గింది. టైలరమ్మ బిల్లు ఇంకా పెరిగింది.

మేడమీద చూస్తే పండగలా ఉంది. నీళ్ళు కాగబెట్టే హీటరొచ్చింది, గదికో కూలరొచ్చింది. మధ్యాహ్నం పూట కూడా లైట్లు వెలుగుతుంటాయి. మిక్సీ గర్రుమంటుంటే ఆ మోత కింద గదిలో కత్తెర మీదకి దిగేది. మెట్ల దగ్గర ఎదురుపడినప్పుడు చిట్టి "నాకేం అక్కా, సోలారుందిగా! నువ్వూ తీసుకోరాదూ?" అంది నవ్వుతూ. ఆ నవ్వు టైలరమ్మకి పుండు మీద కారంలా తగిలింది. "మాకెందుకమ్మా, ఉన్నదాంతో సర్దుకునేవాళ్ళం" అని పైకి అంది. లోపల మాత్రం భగ్గున మండింది.

కరెంటు మీటర్లు రెండూ మెట్ల కిందే, ఒకదాని మీద ఒకటి ఉండేవి. మీద ఉన్న పెట్టె మీద మేడవాళ్ళ తలుపు నంబరు, కింద ఉన్న పెట్టె మీద వీళ్ళ నంబరు రంగుతో రాసి ఉండేవి. రోజూ పొద్దున్న వాకిలి ఊడ్చే వంకతో టైలరమ్మ చీపురు పట్టుకుని అక్కడ వంగేది. ఒకరోజు పైన మిక్సీ గర్రుమని తిరుగుతోంది. ఆవిడ మీదున్న మీటరు వంక చూసింది. కరెంటు వాడుతుంటే అందులో ఎర్రదీపం చుక్కలా మినుక్కుమనాల్సింది, ఎంతసేపు చూసినా ఓ పట్టాన మినకదే! కిందున్న తన మీటరు మాత్రం దడదడా కొట్టుకుంటోంది. అప్పటికి తన ఇంట్లో వెలుగుతున్నది ఒక్క దీపం కూడా లేదు.

"హమ్మ సోలారూ! మీటర్నే నిద్రపుచ్చేస్తుందన్నమాట" అనుకుంది. తన మీటరు ఎందుకలా పరిగెడుతోందో ఆలోచించాలి కదా? ఆలోచించలేదు. పక్కవాళ్ళ కంచం వంక చూసేవాళ్ళకి తమ కంచంలో ఏం పడుతోందో కనపడదు. మనసులో ఉన్నదల్లా ఒకటే, ఆ దీపం తనకీ అలాగే నిద్రపోవాలి.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. టైలరమ్మ దగ్గర మూడేళ్ళుగా కూడబెట్టిన డబ్బు కొంత ఉంది. అది ఓవర్‌లాక్ మిషన్ కోసం. గుడ్డ అంచు కత్తిరించి, పోగులు ఊడకుండా మూడు దారాలతో ఒక్కసారే కుట్టిపడేసే మిషన్ అది. అది లేకపోతే పెద్ద పనులు రావు. వీధి చివర బడి హెడ్‌మిస్ట్రెస్ ఈ ఏడు యూనిఫారాలన్నీ టైలరమ్మకే ఇస్తానంది. "మీ కుట్టు నాకు తెలుసమ్మా. కాకపోతే అంచులు ఓవర్‌లాక్ అయి తీరాలి. పైనెల పదిహేనో తారీకులోపు మిషన్ చూపించండి, మూడొందల జతలు మీవి" అని మాటిచ్చింది. మూడొందల జతలు! కూతురు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఆ చదువు ఇంకా రెండేళ్ళుంది. ఒకటీ అరా చొక్కాలు సరిచేసుకుంటూ దాన్ని గట్టెక్కించడం కష్టమని ఆవిడకి బాగా తెలుసు. ఆ మిషన్ వస్తే వెన్ను నిటారవుతుంది. మూడేళ్ళుగా రాత్రి పడుకునే ముందు ఆ మిషన్ ఎక్కడ పెట్టాలో గదిలో చోటు చూసుకుంటూనే ఉంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మాస్టారు వీధిలో చెప్పించాడు, సంఘంలో ఇంక ఒక్క వాటా మిగిలుందని, శనివారం ఆఖరని.

చిట్టి ఇంకోటి తీసుకోవాలనుకుంటోందని పాలవాడి నోట విన్నది టైలరమ్మ. అంతే! పులిని చూసి నక్క వాత పెట్టుకుందని ఊరికే అనలేదు. శుక్రవారం సాయంత్రమే డబ్బు సంచీలో పెట్టుకుని బయల్దేరింది.

"ఆ డబ్బు మిషన్‌ది కదే" అన్నాడు మొగుడు గుమ్మంలో అడ్డం నిలబడి.

"బిల్లు మిగిలితే మిషన్ అదే వస్తుంది."

"ఏడేళ్ళకి వస్తుంది. బడివాళ్ళు ఏడేళ్ళు ఆగుతారా?"

"మీకు లెక్కలు బాగా వచ్చు, పౌరుషమే లేదు. తప్పుకోండి."

ఆయన తప్పుకున్నాడు. తప్పుకోకపోయినా ఆగే ఘటం కాదది. డబ్బు కట్టి, కాగితం మీద సంతకం పెట్టి, ఆ కాగితం పట్టుకుని కావాలనే మెట్ల దగ్గర కాసేపు నిలబడింది. చిట్టి కిందకి దిగుతూ చూసింది. "అయ్యో, ఆఖరిది నువ్వే తీసుకున్నావా అక్కా!" అంది. ఆ "అయ్యో" వినడానికే అంత డబ్బూ పోసినట్టు టైలరమ్మకి కడుపు నిండిపోయింది. ఆ రాత్రి సుఖంగా నిద్రపోయింది.

తర్వాతి నెల బిల్లులు వచ్చాయి. టైలరమ్మ బిల్లులో వాటా కింద కోసిన మొత్తం కనపడుతూనే ఉంది. కోసినా సరే, మిగిలింది సోలారు లేని పాతరోజుల బిల్లంత ఉంది! మెట్లెక్కి చిట్టి తలుపు చూసింది. అక్కడ సున్నా. సున్నా కూడా కాదు, కొంత కరెంటు పైనెలకి మిగిలిందని రాసి ఉంది.

కాళ్ళు అరిగేలా మిషన్ తొక్కి, చీకట్లో సూదిలో దారం ఎక్కించి, కూతురి చదువుకి దన్నుగా నిలవాల్సిన మిషన్ డబ్బు కూడా ధారపోస్తే తనకి దక్కింది ఇది. కాలు మీద కాలేసుక్కూర్చున్న చిట్టికి సున్నా. అత్తగారి మాట చెవిలో మళ్ళీ మోగింది. చెయ్యి తేలిక! ఆ బిల్లు చింపి పోగులు పెట్టాలన్నంత కసి వచ్చింది. తలుపు అవతల చిట్టి కదిలిన చప్పుడైతే చెయ్యి వెనక్కి తీసుకుంది.

తిన్నగా సంఘం ఆఫీసుకి వెళ్ళింది. మాస్టారు టేబులు చుట్టూ నలుగురైదుగురు కూర్చునున్నారు.

"ఏం మాస్టారూ, మీ సోలారు మొహం చూసి పనిచేస్తుందా? ఆవిడకి మంచి పలక ఇచ్చి నాకు పగిలింది అంటగట్టారా?"

"అమ్మా, ముందు కూర్చోండి. ఎవరికీ విడిగా పలకంటూ ఉండదు. మొత్తం మీద వచ్చిందాన్ని సమానంగా పంచుతాం. మీ ఇద్దరికీ ఈ నెల కోసింది ఒకటే." రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూపించాడు. నిజమే, కోసింది అక్షరాలా ఒకటే.

"మరి ఆవిడ మీటరు తిరగదేం? పైన మిక్సీ గర్రుమంటున్నా దీపం మినకదు. నేను రోజూ చూస్తూనే ఉన్నాగా!"

మాస్టారు కళ్ళజోడు తీశాడు. "సోలారుకీ మీటరుకీ సంబంధం లేదమ్మా. గోడౌన్నుంచి మీ ఇంటికి వైరేం రాదు. మీరు వాడిందంతా మీటరు ఎక్కించుకుంటూనే ఉంటుంది. కోత పడేది కాగితం మీదే. మిక్సీ తిరుగుతుంటే ఆవిడ మీటరు మినకడం లేదా? అంటే మీరు రోజూ..." అని ఆగాడు.

రోజూ పక్కవాళ్ళ మీటరు కాపలా కాస్తున్నట్టు నలుగురి ముందూ తన నోటితో తనే చెప్పుకున్న సంగతి టైలరమ్మకి అప్పుడు వెలిగింది. మూలనున్న పాలవాడు దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కానీ ఇంతదూరం వచ్చాక వెనక్కి తగ్గే రకం కాదావిడ. "ఆఁ, రోజూ చూస్తా. చూస్తే నేరమా? పదండి, మీరూ చూద్దురుగాని" అంది.

మాస్టారు కరెంటాఫీసు నుంచి లైన్‌మాన్‌ని వెంటబెట్టుకుని సాయంత్రం వచ్చాడు. మొగుడూ అప్పుడే ప్రెస్సు నుంచి వచ్చాడు. చిట్టి మెట్ల మీద నిలబడింది. చోద్యం చూడ్డానికి పాలవాడూ వెనకే వచ్చాడు. లైన్‌మాన్ టైలరమ్మ ఇంట్లో స్విచ్చులన్నీ కట్టేసి ఒకే ఒక్క బల్బు వేశాడు. మెట్ల కింద వంగి రెండు మీటర్లూ చూశాడు. తర్వాత మేడమీదకెళ్ళి అదే పని చేసొచ్చాడు. ఓ నవ్వు నవ్వి, "ఈ నంబర్లు రాసిందెవరండీ?" అని అడిగాడు.

"నేనే" అన్నాడు టైలరమ్మ మొగుడు. "ఇల్లు పంచుకున్నప్పుడు రాశా. పైనున్న మీటరు పైవాళ్ళది, కిందున్నది మాది. అంతేగా?"

"అంతే కాదండి. పైన బిగించినంత మాత్రాన పైకి పోతుందా కరెంటు? వైర్లు అటుదిటూ ఇటుదటూ వెళ్ళాయి. మీరు రాసిన నంబర్లు చూసుకునే మావాళ్ళు పేర్లు ఎక్కించారు. నాలుగేళ్ళుగా వీళ్ళు వాడుకున్నది వాళ్ళు కడుతున్నారు, వాళ్ళు వాడుకున్నది వీళ్ళు కడుతున్నారు. సొమ్మొకరిది, సోకొకరిది!"

మొదట్లో ఇద్దరి వాడకం ఇంచుమించు ఒకటే కాబట్టి ఎవరికీ తేడా తెలీలేదు. తెలిసింది ఇప్పుడు. అందరూ లెక్క కట్టుకుంటున్నారు. ముందుగా తేల్చింది చిట్టే.

"అంటే అక్కా... నువ్వు చీకట్లో కూర్చుని, మోటారు తీసేసి, బొగ్గులపెట్టెతో రుద్ది... తగ్గించింది నా బిల్లా?"

వెక్కిరించాలని అనలేదు పాపం, ఆశ్చర్యంతోనే అంది. అయినా పాలవాడు ఆగలేక నవ్వేశాడు, లైన్‌మాన్ నవ్వాడు, చివరికి మాస్టారు కూడా గడ్డం తడుముకున్నాడు. ఓర్వలేక తను ఆర్పిన ఒక్కో దీపమూ చిట్టి తలుపు మీద వెలిగిందన్నమాట! చిట్టి వేసుకున్న కూలరు గాలికి తను డబ్బు కట్టిందన్నమాట! టైలరమ్మ లోపలికెళ్ళి తలుపేసుకుంది. మిషన్ ముందు కూర్చుని, గుడ్డ పెట్టకుండా ఊరికే తొక్కుతూ చాలాసేపు ఏడ్చింది.

మర్నాడు లైన్‌మాన్ వచ్చి పేర్లు సరిచేశాడు. అసలు సంగతి మాత్రం అలాగే మిగిలింది. పదిహేనో తారీకు ఇంకా తొమ్మిది రోజులుంది, చేతిలో చిల్లర తప్ప డబ్బు లేదు. టైలరమ్మ సిగ్గు చంపుకుని మళ్ళీ మాస్టారి దగ్గరికెళ్ళింది.

"ఇంతకీ మాస్టారూ, ఈ సోలారు మంచిదా కాదా? ఉన్నదున్నట్టు చెప్పండి."

"మంచిదేనమ్మా. పక్కన పడున్న డబ్బుకి ఏడేళ్ళు ఆగే ఓపిక ఉంటే చాలా మంచిది. కానీ మీ డబ్బు ఊరికే పడి లేదుగా, దానికి పనుంది. మీ మిషన్ రెండు బడి సీజన్లలో డబ్బు తిరిగి తెస్తుంది. మీరు ఆ రోజు అడిగుంటే ఇదే చెప్పేవాణ్ణి. మీరడగలేదు."

"అడగలేదు" అని ఒప్పుకుంది. "ఇప్పుడు వాటా వెనక్కి తీసుకుంటారా?"

"సంఘం తీసుకోదమ్మా, డబ్బంతా పలకల మీద పెట్టేశాం. సభ్యులెవరైనా తీసుకోవచ్చు. రెండో వాటా కావాలని అడిగింది మాత్రం ఒక్కరే. మీ తోడికోడలు."

ఎంత గడుసు సమస్య వచ్చి పడిందో చూడండి. మిషన్ రావాలంటే వాటా చిట్టికే ఇవ్వాలి. ఇస్తే రెండు వాటాలతో చిట్టి బిల్లు మళ్ళీ కరిగిపోతుంది. మొత్తం వీధిలోనే తక్కువ బిల్లు ఆవిడది అవుతుంది. ఇవ్వకపోతే మూడొందల జతలు బజారులో కుట్టేవాడికి పోతాయి. రెండు రోజులు టైలరమ్మ అన్నం సయించక తిరిగింది.

"నీకు మిషన్ కావాలా, చిట్టి బిల్లు పెరగాలా?" అని మొగుడు అడిగాడు.

"రెండూ కావాలి" అంది దాపరికం లేకుండా.

"ఒక్కటే దొరుకుతుంది."

సాయంత్రం వాటా కాగితం పట్టుకుని మెట్లెక్కింది. డాబాకి పోతూ ఆ తలుపు ముందు వందసార్లు ఆగింది గానీ, తలుపు కొట్టి ఎన్నాళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు.

చిట్టి తలుపు తీసి, ఓ క్షణం నమ్మలేనట్టు చూసి, గబగబా కుర్చీ మీద బట్టలు తీసి పక్కన పడేసింది. "కూర్చో అక్కా. నేనే కిందకొద్దామనుకున్నా. నేను వాడుకున్నదానికి నువ్వు కట్టింది ఎంతయిందో లెక్క రాసి ఉంచా. ఇదిగో, ఇచ్చేస్తా."

గది శుభ్రంగా ఉంది. కిటికీలోంచి గాలి, తను ఊహించినట్టే, చల్లగా వస్తోంది. హీటరు, కూలరు, కొత్త మిక్సీ, అన్నీ తళతళలాడుతున్నాయి. కంచం ఒక్కటే బోర్లించి ఉంది, గ్లాసూ ఒక్కటే. మరిది లారీ డ్రైవరు. నెలకి నాలుగు రోజులుంటే ఎక్కువ. పిల్లలు లేరు.

"ఈ వాటా నువ్వు తీసుకో" అంది టైలరమ్మ కాగితం ముందుకు తోసి. "ఊరికే కాదు. నాకు మిషన్ కొనుక్కోవాలి, తారీకు దగ్గరపడింది. ఇంకో మాట కూడా చెప్పేసి పోతా. నువ్వంటే నాకు కుళ్ళు, చిట్టీ. నిన్నా మొన్నటిది కాదు, నువ్వు ఈ ఇంట్లో కాలు పెట్టినప్పటి నుంచీ. నీ మీటరు చూసింది, నీ బిల్లు చదివింది, అంతా ఆ కుళ్ళుతోనే. ఇప్పుడు ఈ కాగితం ఇస్తున్నా కూడా నాకు మనస్ఫూర్తిగా లేదు."

చిట్టి కోప్పడుతుందనుకుంది, లేకపోతే నవ్వుతుందనుకుంది. చిట్టి రెండూ చెయ్యలేదు. వచ్చి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"తెలుసక్కా. అందుకే తలుపు మీద అంటించా."

"ఏంటి?"

"మొదటి బిల్లు రాగానే మీ మరిది చేతిలో పెట్టా. సగానికి తగ్గించాను చూడమని. 'ఊఁ' అని దిండు కింద పెట్టి పడుకున్నాడు. నేనేం కొన్నా, ఏం మార్చినా, కొత్త చీర కట్టినా, పాతది చింపినా ఈ ఇంట్లో చూసేది నువ్వొక్కదానివే అక్కా. కుళ్ళుకునైనా చూస్తావు. నువ్వు బకెట్టు కింద పెట్టి చదువుతుంటే నేను తలుపు వెనక నిలబడి వినేదాన్ని, ఎంతసేపు ఆగావో. ఒక్కోసారి చాలాసేపు ఆగేదానివి." కళ్ళు తుడుచుకుంది. "ఇప్పుడు అంతా బయటపడి నలుగురూ నవ్వారు. ఇంక నువ్వు ఆ తలుపు వంక చూడవు. పొద్దున్న బట్టలు ఆరేయడానికొచ్చి తల వంచుకుని వెళ్ళిపోయావు."

ఇన్నేళ్ళూ అంగుళం ఎక్కువని కొలుస్తూ వచ్చిన మనిషి ఇంతేనా అని టైలరమ్మకి ఓ పక్క జాలి. అయినా ఆ కిటికీ గాలి మొహానికి తగులుతుంటే మరోపక్క మంట ఆరలేదు. కాగితం మీద సంతకం పెట్టి చిట్టి చేతిలో పెట్టింది. చిట్టి ఇచ్చిన వాటా డబ్బూ, బిల్లుల లెక్క డబ్బూ కొంగున ముడేసుకుని, మోకాళ్ళు పట్టుకుని లేచింది.

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"తలుపుకి అంటించడం మానెయ్. నలుగురూ చదువుతారు."

"సరే అక్కా."

"బిల్లు వచ్చిన రోజు నువ్వే కిందకి పట్టుకురా. రెండు వాటాల బిల్లు... నాకు కడుపు మండుతుంది. మండనీ. కూర్చోబెట్టి నీ ఎదురుగానే మొత్తం చదువుతా."